నీళ్లూ ఒక రెసిస్టరే: ట్యాంకు నిండితే మోగే బజర్

మోటారు వేసి మరిచిపోతే మేడ మీది ట్యాంకు పొంగి నీళ్లు గోడల వెంట కారిపోతాయి. ఆ సంగతి వంటింట్లోనే తెలియడానికి ఒక ట్రాన్సిస్టర్, రెండు రెసిస్టర్లు (కరెంటును అడ్డుకునే భాగాలు), ఒక బజర్, 9 వోల్టుల బ్యాటరీ, ట్యాంకులో పెట్టడానికి రెండు స్క్రూలు చాలు. ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలనుకునేవాళ్లు మామూలుగా ఎల్‌ఈడీ వెలిగించడంతో మొదలుపెడతారు. దానికంటే ఇదే మంచి మొదలు. ఇంట్లో రోజూ పనికొస్తుంది, పైగా ట్రాన్సిస్టర్ అవసరమేమిటో చేతికి తెలిసొస్తుంది.

రెండు స్క్రూలను నీళ్లలో ముంచి, బ్యాటరీనీ బజర్‌నీ వాటితో ఒకే వరసలో కలిపి చూడండి. బజర్ మోగదు, మహా అయితే మూలుగుతుంది. చిన్న బజర్‌కు 10 నుంచి 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు కావాలి. స్క్రూల మధ్య నీళ్ల నిరోధం 20 కిలో ఓమ్‌లు అనుకుంటే, 9 వోల్టులకు అందులోంచి అర మిల్లీ ఆంపియర్ కూడా రాదు. ట్రాన్సిస్టర్‌కు బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లుంటాయి. ఆ కాస్త కరెంటునే బేస్‌కు ఇస్తే, కలెక్టర్ వైపు దానికి వంద రెట్లకు మించి కరెంటు పారుతుంది.

బీసీ547బీ అనే ట్రాన్సిస్టర్ తీసుకోండి. దాని గెయిన్, అంటే బేస్ కరెంటును ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే అంకె, కనీసం 200. చదునైన ముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరసగా కలెక్టర్, బేస్, ఎమిటర్. బ్యాటరీ ప్లస్ నుంచి ఒక వైరు మొదటి స్క్రూకు వెళ్లాలి. రెండో స్క్రూ నుంచి వచ్చే వైరు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ (గోధుమ, నలుపు, నారింజ రంగు చారలు) మీదుగా బేస్‌కు చేరాలి. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య 100 కిలో ఓమ్‌లు (గోధుమ, నలుపు, పసుపు) పెట్టి, ఎమిటర్‌ను బ్యాటరీ మైనస్‌కు కలపండి. బజర్ ప్లస్ కాలు బ్యాటరీ ప్లస్‌కు, మైనస్ కాలు కలెక్టర్‌కు.

ఇప్పుడు లెక్క చూద్దాం. బేస్ దగ్గర 0.65 వోల్టులు పోతే 8.35 మిగులుతుంది. నీళ్లు 20, రెసిస్టర్ 10, మొత్తం 30 కిలో ఓమ్‌లు. అంటే సుమారు 0.28 మిల్లీ ఆంపియర్లు. దాన్ని 200తో గుణిస్తే 50 దాటుతుంది. బజర్‌కు కావలసినదానికంటే ఎక్కువే, ట్రాన్సిస్టర్ తట్టుకునే 100 మిల్లీ ఆంపియర్లకు లోపలే.

10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అనవసరమనిపించవచ్చు, అది లేకపోయినా బజర్ మోగుతుంది కాబట్టి. కానీ స్క్రూలు రెండూ పొరపాటున ఒకదానికొకటి తగిలిన క్షణంలో బ్యాటరీ మొత్తం బేస్ మీద పడి ట్రాన్సిస్టర్ కాలిపోతుంది.

100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ సంగతి ఇంకా ఆసక్తికరం. ట్యాంకు మూత లోపలి వైపు ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. స్క్రూల మధ్య ఆ తేమ పొర 500 కిలో ఓమ్‌ల దారి వేసిందనుకోండి, 16 మైక్రో ఆంపియర్లు కారుతాయి. వాటిలో ఆరున్నర ఈ రెసిస్టర్ మింగేస్తుంది. మిగిలిన పది 200 రెట్లు పెరిగి 2 మిల్లీ ఆంపియర్లవుతాయి, ట్యాంకు సగమే ఉన్నా బజర్ కీచుమంటుంది. అదే స్థానంలో 47 కిలో ఓమ్‌లు పెడితే 14 మైక్రో ఆంపియర్లు అటే పోతాయి, బజర్ నోరెత్తదు. దొంగ మోత వస్తే ట్రాన్సిస్టర్ మార్చకండి, ఈ రెసిస్టర్ తగ్గించండి. మేడ మీది నుంచి వచ్చే పొడవాటి వైరు పక్కనున్న కరెంటు తీగల హమ్‌ను (వాటి నుంచి అంటుకునే అలజడిని) కూడా పట్టుకుంటుంది. బేస్, ఎమిటర్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ (ఛార్జ్‌ను నిల్వ చేసే చిన్న భాగం) పెడితే అదీ పోతుంది.

బజర్ కొనేటప్పుడు యాక్టివ్ రకమే అడగండి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల రెండు రకాలూ ఒకే డబ్బాలో కనిపిస్తాయి. నేరుగా బ్యాటరీకి తగిలిస్తే యాక్టివ్ రకం ఆగకుండా మోగుతుంది, పాసివ్ రకం ఒక్కసారి టిక్కుమని ఊరుకుంటుంది.

చాలా ఇళ్లలో ఈ పరికరం కొన్నాళ్లకు మూగబోవడానికి కారణం నీళ్లలో ఉన్న రాగి తీగ. ఒకే దిశలో కరెంటు పారినప్పుడు ప్లస్ వైపు రాగి కొద్దికొద్దిగా నీళ్లలో కరిగిపోతుంది, తీగ మీద నీలిపచ్చ పూత కడుతుంది. అందుకే స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడాలి. మామూలు సోల్డర్ వాటికి అంటదు కాబట్టి, వైరును వాషర్ కింద పెట్టి నట్టుతో బిగించి, ఆ అతుకు నీళ్లకు పైనే ఉండేలా చూసి సిలికాన్ పూయండి. స్క్రూలు మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడంలో, పొంగు గొట్టానికి కాస్త కిందుగా ఉండాలి. ట్యాంకు నిండినప్పుడే తడుస్తాయి, మిగతా సమయమంతా కరెంటు దాదాపు పారదు. దానివల్ల స్క్రూలతో పాటు బ్యాటరీ కూడా చాలాకాలం నిలుస్తుంది.

బ్యాటరీ బదులు ట్రాన్స్‌ఫార్మర్ లేని చవక పవర్ సప్లై (అడాప్టర్) మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. వాటిలో కొన్నింటి అవుట్‌పుట్ 230 వోల్టుల లైనుతో నేరుగా కలిసే ఉంటుంది. అలాంటిదాన్ని స్క్రూలకు కలిపితే ట్యాంకు నీళ్లు ముట్టుకున్నవాళ్ల ప్రాణం పోవచ్చు.

బిగించే ముందు స్క్రూలను గ్లాసు నీళ్లలో ముంచి చూడండి. ఆ నీళ్లు ట్యాంకులోవే కావాలి. ఆర్వో నీళ్లలో లవణాలు బాగా తక్కువ కాబట్టి బోరు నీళ్లకంటే నిరోధం ఎన్నో రెట్లు ఎక్కువ. సర్క్యూట్ సరిగ్గా ఉన్నా ఆ గ్లాసులో బజర్ మోగకపోవచ్చు.