ఇక్కడ మరదలు, పక్కింట్లో చెల్లెలు

ఇచ్ఛాపురంలో తెలుగింటి కుర్రాడికి మేనమామ కూతురు మరదలు. గోడవతల ఒడియా ఇంట్లో అదే వరస పిల్ల చెల్లెలు, పెళ్లి మాటెత్తితే చెవులు మూసుకుంటారు. ఉత్తరాది వరసలకూ దక్షిణాది వరసలకూ మధ్య గీత శ్రీకాకుళం జిల్లా కొసన ఒకే వీధిలో కనిపిస్తుంది.

ఈ తేడా పాతదే. ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం బౌధాయన ధర్మసూత్రం దక్షిణాదివారి ఐదు వివాదాస్పద ఆచారాల్లో మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడాన్ని లెక్కపెట్టింది. (ఉత్తరాదివారి లెక్కలో సముద్రయానం ఉంది. ఈ తీరం నుంచి రంగూన్ ఓడలెక్కిన మనవాళ్లు ఆ తప్పూ చేశారు!) 1909లో ఇంగ్లీషు అధికారి థర్‌స్టన్ అచ్చువేసిన కులాల సంపుటాల్లో ‘మేనరికం’ ఇంగ్లీషులోకి మాట మారకుండానే ఎక్కింది. 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధాలను నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట వదిలేసింది. అలా అక్క కూతుర్ని చేసుకోవడమూ చెల్లింది.

భూమి చీలకూడదనే మేనరికాలు చేశారంటారు. నాకా లెక్క పూర్తిగా కుదరదు. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి భాగంలో కొంత ఇచ్చినా, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో వాటా ఉండేది కాదు. ఎన్టీఆర్ హయాంలో వచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అదీ అప్పటికి పెళ్లికానివారికే. పోయే వాటా లేనప్పుడు కాపాడుకున్నదేమిటి? పిల్లని. మేనత్తే అత్తయితే కన్నోరిల్లు దూరం కాదు, కట్నం బేరమూ కాస్త మెత్తబడుతుంది. మేనత్త కోడల్ని ఏడిపించదని కాదు, ఏడిస్తే ఆ కబురు అన్నదమ్ములకు తొందరగా చేరుతుంది.

తర్వాత డాక్టర్లు అడ్డొచ్చారు. మేనబావా మరదళ్ల మధ్య జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి, మేనమామ మేనకోడళ్ల మధ్య నాలుగో వంతు. మామూలుగా నూటికి 2, 3 మంది పిల్లలకు పుట్టుకతో లోపాలుంటే, మేనరికంలో అది దాదాపు రెట్టింపు. చదువులు, హైదరాబాదు ఉద్యోగాలు, పిల్లలు తక్కువై వయసుకు తగ్గ బావ దొరక్కపోవడం కూడా కలిశాయి. నాకైతే ఈ చివరిదే అసలు కారణమనిపిస్తుంది.

పెళ్లికూతుర్ని బుట్టలో తెచ్చేది మాత్రం ఇప్పటికీ మేనమామే. కడుపుతో ఉన్న పిల్ల ఆసుపత్రికెళితే నర్సు అడిగే ప్రశ్నల్లో ఒకటి: ‘మేనరికమా?’