పోలియో చుక్కల్లోని వైరస్ మారిపోతుందట, నిజమేనా?

పోలియో టీకా వైరస్‌ల జన్యుక్రమాలు చదవడం నా పని. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ల నోట వచ్చేవి ఇవే.

అపోహ: చుక్కల్లో ఉండేది చచ్చిన వైరస్.

కాదు, అది ఇంజెక్షన్‌లో. చుక్కల్లో ఉండేది బతికున్నదే, కాకపోతే బలహీనపరిచినది. పేగుల్లో పెరిగితేనే అక్కడ రక్షణ వస్తుంది.

అపోహ: ఒకసారి బలహీనపరిచాక ఇక మారదు.

మారుతుంది, అదీ రోజుల్లోనే. ఈ సంగతి దాటేసే మావాళ్లను చూస్తే నాకు చిరాకు, ఎందుకంటే రేపు ఇంకెవరో దీన్నే పెద్ద రహస్యంలా బయటపెడతారు. పోలియో వైరస్ మూడు రకాల్లో ఒకటైన టైప్ 3 టీకా వైరస్‌కీ, అది పుట్టిన లియోన్ అనే వైరస్‌కీ సుమారు 7,400 జన్యు అక్షరాల్లో తేడా పది చోట్లే. వాటిలో ఒకటి 472వ స్థానం: సి ఉండాల్సిన చోట యు. ఆ ఒక్క అక్షరంతో నరాల కణాల్లో ప్రోటీన్లు తయారుచేసుకోలేక వైరస్ చతికిలపడుతుంది. చుక్కలు వేసిన పిల్లల మలం శాంపిల్ చదివితే సరిగ్గా అక్కడ గ్రాఫ్‌లో యు చూపే ఎర్ర గీత కింద సి చూపే నీలం గీత తల ఎత్తుతుంది, అంటే సి తిరిగొస్తోందన్నమాట. మొదటిసారి చూసినప్పుడు నాకూ గుండె జారింది. కానీ ఇది మామూలే, ఆపాటికి ఒంట్లో యాంటీబాడీలు తయారవుతుంటాయి కాబట్టి ఆ పిల్లలు హాయిగా ఆడుకుంటూనే ఉంటారు. పక్షవాతం వచ్చేది సుమారు 27 లక్షల డోసులకు ఒకరికి. అదీ ఉండకూడదనే చాలా దేశాలు ఇంజెక్షన్ కూడా ఇస్తున్నాయి.

అపోహ: మురుగునీటిలో టీకా వైరస్ దొరికిందంటే టీకా విఫలమైనట్టే.

చుక్కలు వేసిన చోట అది దొరక్కపోతేనే వింత. మేం లెక్కపెట్టేది వైరస్ పైపొర ప్రోటీన్‌ను తయారుచేసే వీపీ1 జన్యువులోని 900 పైచిలుకు అక్షరాల్లో ఎన్ని మారాయని. టైప్ 1, 3లో 10, టైప్ 2లో 6 మార్పులకు చేరితే టెన్షన్ మొదలవుతుంది. ఏడాదికి దాదాపు ఒక శాతం మారుతుంది కాబట్టి, పది మార్పులంటే ఆ వైరస్ ఏడాదిగా ఎక్కడో పెరుగుతూనే ఉంది. చాలాసార్లు ఆ ఎక్కడో అనేది టీకా అందని పిల్లల గుంపు. దాన్ని ఆపేదీ టీకాయే.

అపోహ: కొత్త టైప్ 2 చుక్కల్లో వైరస్ అసలు మారదు.

2020 నవంబరులో అత్యవసర అనుమతి వచ్చిన ఎన్‌ఓపీవీ2 గురించి ఇది. ఒక్క అక్షరం మారితే బలం తిరిగొచ్చే ఆ భాగాన్ని తిరగరాశారు, వైరస్ జన్యువుల్ని కాపీ చేసే ఎంజైమ్‌ను తప్పులు తగ్గేలా మార్చారు. పాతదానికంటే ఎంతో నిలకడైనది, నాకు నచ్చిన పని కూడా. అయినా పేగుల్లో ఉండే, పోలియోకి చుట్టాలైన ఇతర ఎంటెరోవైరస్‌లతో జన్యు ముక్కలు మార్చుకుని బలం పుంజుకున్నవి కొన్ని దొరికాయి. అందుకే మా బల్ల మీదికి మురుగునీటి శాంపిళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.