లంకలు కట్టే 8 పైసలు

తాత్కాలిక గ్రంథాలయాల గొడవ మళ్ళీ మొదలైంది. తీర్థాల్లో (జాతరల్లో), వేసవి సెలవుల్లో ఊళ్ళకు వెళ్ళి బల్ల వేసి పుస్తకాలు పెట్టాలా, ఆ డబ్బుతో ముందు ఉన్న గ్రంథాలయాలను బాగుచేయాలా అన్నదే తగాదా. గ్రంథాలయోద్యమానికి ఆద్యుడైన అయ్యంకి వెంకటరమణయ్యది మన గోదావరి ప్రాంతంలోని కొంకుదురేనన్న సంగతి, ఆ ఉద్యమం తొలి రోజుల కథ అందరికీ తెలిసినవే. అసలు ముడి పడింది చట్టాలు వచ్చాక.

అంతకుముందు గ్రంథాలయాలు ఎక్కువగా దాతల చలవతో నడిచేవి. మద్రాసు రాష్ట్రం 1948లో తెచ్చిన చట్టంతో సెస్సు, అంటే గ్రంథాలయాల కోసం వేసే అదనపు పన్ను, మొదలైంది. ఆంధ్రప్రదేశ్ 1960లో సొంత చట్టం చేసుకుంది. ఇప్పుడు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. రశీదు తీసి చూడండి, నీటి పన్ను పక్కనే దానికో గడి ఉంటుంది. ఊళ్ళో గ్రంథాలయం ఉన్నా లేకపోయినా ఆ గడి నిండుతుంది.

గొడవంతా ఆ గడిలోనే ఉంది. గోదావరి మధ్య ఉన్న కనకాయలంకకు వెళ్ళే కాజ్‌వే వరదకు మునిగితే పడవే దిక్కు. అలాంటి లంకలో ఇంటిపన్ను కట్టినామె పట్నంలోని రీడింగ్ రూముకు ఎన్నిసార్లు రాగలదు? రెండు ట్రంకు పెట్టెలు, ఒక మడత బల్ల, చెమ్మ తగలకుండా టార్పాలిన్ పట్టా, పేరూ ఫోన్ నంబరూ రాసుకునే నోటుబుక్కు చాలు, పుస్తకమే రేవు దాటి ఆమె దగ్గరికి వెళ్తుంది. అందులో దానధర్మం ఏమీ లేదు, కట్టిన పన్నుకు రావలసిందే.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1935లోనే గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిపారు. అది కృష్ణా డెల్టా. ఇన్ని కాలువలున్న గోదావరి డెల్టాలో ఆ పని ఇంకా సులువు.

ఖాళీ పోస్టులు నింపండి, కారే కప్పులు బాగుచేయండి అని రెండో పక్షం అంటోంది. న్యాయమైన మాటే. సెస్సు బకాయిలు పంచాయతీలు, మున్సిపాలిటీలు సకాలంలో కడితే అందులో చాలా భాగం తీరుతుంది.

సిబ్బందికి మాత్రం అసలు టెన్షన్ వేరే. తనిఖీలో పుస్తకం తగ్గితే సమాధానం చెప్పాల్సింది లైబ్రేరియనే. అందుకే తీర్థం జనంలోకి పుస్తకాలు తీసుకెళ్ళమంటే వెనకాడతారు. కేంద్రం తన గ్రంథాలయాలకు 2017 ఆర్థిక నియమాల్లో ఒక వెసులుబాటు ఇచ్చింది. మోసం, నిర్లక్ష్యం లేనప్పుడు, ఏడాదిలో పాఠకులు వాడుకున్న ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోయినా సహజ నష్టంగానే లెక్కేస్తారు. ఊళ్ళకు పంపే పుస్తకాలకు అలాంటి హామీ ఒకటి రాతపూర్వకంగా ఇస్తే, పెట్టె తెరవడానికి ఏ లైబ్రేరియనూ జంకాల్సిన పని ఉండదు.