చినవాల్తేరు చీటీ: మతి చెదిరిన ముద్దాయి, నూట ఎనభై ఏళ్ల చట్టం

మతి చెదిరినవాడు చేసిన హత్య కేసు గోదావరి డెల్టాలో ఏ కోర్టుకెక్కినా, డిఫెన్స్ ప్లీడరు ఇంట్లోవాళ్లను ముందుగా అడిగేది ఇదే: "వైజాగ్ తీసుకెళ్లారా? చీటీ ఉందా?" వైజాగ్ అంటే రాజమండ్రికి దాదాపు 200 కిలోమీటర్ల దూరాన చినవాల్తేరులో ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాల. చీటీ అంటే అక్కడి ఓపీ చీటీ. అది లేకపోతే కాకినాడ పెద్దాసుపత్రి మానసిక విభాగంలో రాసిచ్చిన మందుల కాగితమైనా పనికొస్తుంది. చాలా ఇళ్లలో ఏదీ ఉండదు. పెళ్లి కావలసిన చెల్లెలుందనో, ఊళ్లో పరువు పోతుందనో ఆ గడప తొక్కి ఉండరు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి, అంత్రాలు వేయించి, ఏళ్లు నెట్టుకొచ్చి ఉంటారు. భూతవైద్యుడు రశీదు ఇవ్వడు కదా.

ఒక కాగితానికి ఇంత బలం ఎలా వచ్చిందో తెలియాలంటే దవళేశ్వరం ఆనకట్ట ఇంకా కట్టని రోజులకు వెళ్లాలి. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో నేరాల విచారణకు ఈస్టిండియా కంపెనీవారు తమకు కావలసినట్టు సవరించుకున్న మహమ్మదీయ శిక్షాస్మృతే ఆధారం. మతి లేనివాడికి ప్రాణానికి ప్రాణం శిక్ష అందులోనూ లేదు. 1837లో మెకాలే నాయకత్వాన లా కమిషన్ కొత్త శిక్షాస్మృతికి చిత్తుప్రతి రాసింది. అందులో ఈ సంగతిని చిన్న వాక్యంలో తేల్చేశారు: పిచ్చి వల్ల గానీ సన్నిపాతం వల్ల గానీ చేసిన పని నేరం కాదు. మెకాలే మీద మనకు ఎన్ని ఫిర్యాదులున్నా ఈ వాక్యం మాత్రం బాగా రాశాడనే అంటాను. చేసినవాడు ఎందుకు చేశాడు, జబ్బు వల్లనా కాదా అన్నదే అక్కడ ప్రశ్న.

ఆ చిత్తుప్రతి చట్టం కావడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ మధ్యలో, 1843 జనవరిలో, లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనే అతను ప్రధాని రాబర్ట్ పీల్ అనుకుని ఆయన కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను కాల్చి చంపాడు. అధికార పార్టీవాళ్లు తనను వెంటాడి వేధిస్తున్నారని అతని భ్రమ. జ్యూరీ మతిభ్రమణం కింద నిర్దోషి అంది. జనం మండిపడ్డారు, విక్టోరియా రాణికీ మింగుడుపడలేదు. ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిచి వివరణ అడిగింది. వాళ్లు ఇచ్చిన జవాబు ఇది: ఆ పని చేసే సమయాన అది ఎలాంటి పనో తెలియకపోవాలి, తెలిసినా అది తప్పని తెలియకపోవాలి. అలా ఉంటేనే మినహాయింపు.

1860 భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ ఈ అచ్చులోనే వచ్చింది. 1862 జనవరి 1 నుంచి అమలైంది. జబ్బు వల్ల చేశాడా అన్న ప్రశ్న పోయి, ఆ క్షణాన తెలిసి చేశాడా అన్న ప్రశ్న మిగిలింది. ఇక్కడే అసలు చిక్కు మొదలైందని నా అభిప్రాయం.

ఎలాగంటే, తల్లి తనకు చేతబడి చేయిస్తోందని ఒకడికి చెవిలో గొంతులు చెబుతున్నాయి అనుకుందాం. ఒక రాత్రి కొబ్బరికాయల కత్తి ఎత్తాడు. అది కత్తి అని వాడికి తెలుసు, ఎదుట ఉన్నది తల్లి అని తెలుసు, పోలీసులు వస్తారనీ తెలుసు. తెలియనిదల్లా ఆ గొంతులు తన బుర్రలోవని. వైద్యుడి లెక్కలో ఇది ముదిరిన జబ్బు. కోర్టు లెక్కలో వాడికి 'తెలుసు'. వైద్యశాస్త్రం చెప్పే పిచ్చి వేరు, చట్టం చెప్పే పిచ్చి వేరు అని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. పైగా రుజువు భారం ముద్దాయిదే. 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు ఆ భారాన్ని కొంత తేలిక చేసింది. సందేహానికి తావులేకుండా నిరూపించనక్కర్లేదు, సంభావ్యత అటు మొగ్గితే చాలంది. పనికి ముందూ, ఆ సమయాన, ఆ తర్వాతా అతను ఎలా ప్రవర్తించాడో చూడమంది. కాబట్టి గోదావరి లంకలోంచి పడవెక్కి పారిపోయినా, కత్తి కాలవలో పారేసినా, బట్టలు ఉతుక్కున్నా తప్పని తెలిసినట్టే లెక్క. ముందు ఎలా ఉండేవాడో చెప్పాలంటే మళ్లీ చీటీయే కావాలి. ఇరుగుపొరుగు వచ్చి "తిక్కగా ఉండేవాడండీ" అంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండు ప్రశ్నలకు నిలవదు.

కాగితం ఉంటే కథ ఎలా మారుతుందో 2002లో సుప్రీంకోర్టు విడుదల చేసిన మహారాష్ట్ర కానిస్టేబుల్ కేసు చెబుతుంది. భార్యను రుబ్బురాయితో కొట్టి చంపాడు. పారిపోలేదు, దాచలేదు. ఘటనకు ముందూ తర్వాతా స్కిజోఫ్రీనియాకు చేసిన వైద్యం ఆసుపత్రి రికార్డుల్లో ఉంది. నిర్దోషిగా బయటపడ్డాడు.

ఇంగ్లండు 1957లోనే మధ్యేమార్గం చేసుకుంది. జబ్బు వల్ల బాధ్యత తగ్గినట్టు తేలితే హత్యను చిన్న నేరంగా చూస్తారు. మనకు అది లేదు. 1971లో లా కమిషన్ తన 42వ నివేదికలో 84వ సెక్షన్ ఉన్నట్టే ఉండనిమ్మంది. అయితే ఉరో యావజ్జీవమో, కాకుంటే పూర్తి మినహాయింపు. ఈ రెంటి మధ్య నిలబడే రోగికి చోటు లేదు.

'మినహాయింపు' అన్నానే గానీ చాలాసార్లు అదీ విడుదల కాదు. 1800లో మూడో జార్జి రాజు మీద నాటకశాలలో కాల్పులు జరిపిన జేమ్స్ హాడ్‌ఫీల్డ్‌ను జ్యూరీ వదిలేస్తే, వెంటనే పార్లమెంటు అలాంటివాళ్లను కట్టడిలో ఉంచే చట్టం తెచ్చింది. ఆ ఆలోచన కేసు నడిపే పద్ధతి చెప్పే మన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకీ దిగింది. నిర్దోషి అని రాసిన కలంతోనే 'సురక్షిత కస్టడీ' అనీ రాస్తారు. విచారణకు నిలబడే స్థితి లేనివాడికైతే కేసు ఆగిపోతుంది, మనిషీ అక్కడే ఆగిపోతాడు. అప్పటి బీహార్‌లోని హజారీబాగ్ జైల్లో అలా ఇరవై ముప్ఫై ఏళ్లు మగ్గినవాళ్లు 1982లో సుప్రీంకోర్టు కంటపడ్డారు. అస్సాంలో 1951లో అరెస్టయిన ఒక గిరిజనుడు విచారణ లేకుండానే 54 ఏళ్లు గడిపి, 2005లో ఒక్క రూపాయి బాండు మీద బయటికొచ్చాడు. అతనికి నయమైందని వైద్యులు 1967లోనే రాశారు. ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఈ సిగ్గులన్నీ పోగుపడ్డాకే కోడ్‌కు 2008లో సవరణ వచ్చి, 2009 చివర అమలైంది. మెజిస్ట్రేటు ముద్దాయిని మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి, ఆసుపత్రిలో ఉంచనక్కర్లేదంటే బెయిలుకు వీల్లేని నేరమైనా వదిలిపెట్టవచ్చు అని అందులో చేరింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. జబ్బు ఉన్నంత మాత్రాన మతి స్థిమితం లేనట్టు కాదంది. ఘాట్‌లలో, స్టేషన్లలో తిరిగే రోగులను పోలీసులు లాకప్పులో పెట్టకూడదంది. పుష్కరాల ఊరు రాజమండ్రికి ఇది చిన్న మాట కాదు. జైలు డాక్టరు మూడు నెలలకోసారి 'ఇక్కడ మానసిక రోగులెవరూ లేరు' అని ధ్రువీకరించి పంపాలని కూడా ఆ చట్టంలో ఉంది. ఏ సెంట్రల్ జైలు డాక్టరు మనస్ఫూర్తిగా ఆ సంతకం పెట్టగలడో నాకు అంతుబట్టదు.

2023 ఆగస్టులో కేంద్రం కొత్త శిక్షాస్మృతి బిల్లు తెచ్చినప్పుడు పాత 'మతి స్థిమితం లేకపోవడం' బదులు 'మానసిక అనారోగ్యం' అని రాసింది. పార్లమెంటు స్థాయీ సంఘం ఒప్పుకోలేదు. అలా రాస్తే తాగినవాడూ, మూడ్ మారినవాడూ తప్పించుకుంటారని దాని భయం. డిసెంబరు బిల్లులో పాత మాటే తిరిగొచ్చింది. 2024 జులై 1 నుంచి 84వ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్‌గా కొనసాగుతోంది. సంఘం భయం పూర్తిగా తప్పని అనను గానీ, అసలు అడగాల్సింది మెకాలే చిత్తుప్రతిలోని ప్రశ్న. దాని జోలికి ఎవరూ పోలేదు.

ప్రొసీజర్ వైపు, 2008 సవరణ దాదాపు యథాతథంగా, పాత కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 369వ సెక్షన్‌లోకి వచ్చింది. రోగిని వదలాలంటే స్నేహితుడో బంధువో ముందుకొచ్చి, క్రమం తప్పకుండా వైద్యం చేయిస్తాననీ, ఎవరికీ హాని జరగనివ్వననీ పూచీ పడాలి. మన ఊళ్లలో ఇలాంటి కేసుల్లో చనిపోయేది తరచూ ఆ బంధువే: తల్లి, భార్య, అన్న. మిగిలినవాళ్లు ప్రాసిక్యూషన్ సాక్షులు. పెద్దమనుషులేమో వాణ్ని మళ్లీ ఊళ్లోకి రానివ్వద్దంటారు. ఇలా పూచీ పడేవాళ్లు లేనివాణ్ని సంరక్షణా, శిక్షణా దొరికే వసతి గృహానికి పంపవచ్చని అదే సెక్షన్ కింద ఉంది. ఆ గృహాన్ని ఎవరు కట్టాలో, ఏ జిల్లాలో ఉండాలో అందులో లేదు.