క్లబ్ కొన్న ధరే ఖర్చు కాదు: అపోహలు - వాస్తవాలు

హిమాయత్‌నగర్‌లో మా ఆడిట్ ఆఫీసుకు కోళ్ల ఫారాల వాళ్లు ఎక్కువ వస్తారు. బ్యాలెన్స్ షీట్ మీద సంతకం అయ్యాక వాళ్లు అడిగే మాట ఒకటుంది: "వెంకీస్ వాళ్లు కోళ్ల మీద సంపాదించి ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ క్లబ్బే కొన్నారు కద సార్. మనం ఇక్కడ చిన్న టీమ్‌లో వాటా తీసుకోలేమా?"

అపోహ: ధర కట్టేస్తే క్లబ్ మనదే, ఇక వచ్చేదంతా లాభమే.

వాస్తవం: ఆ ధర మొదటి వాయిదా మాత్రమే. బి.వి. రావు గారు 1971లో మొదలుపెట్టిన వెంకటేశ్వర హేచరీస్ గ్రూపు (ఆ వెంకీస్ వాళ్లే) 2010 నవంబరులో ఇంగ్లండ్ క్లబ్ బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను 2.3 కోట్ల పౌండ్లకు కొన్నది. క్లబ్ అప్పులూ నెత్తికెత్తుకుంది. 1995లో ప్రీమియర్ లీగ్, అంటే ఇంగ్లండ్ టాప్ డివిజన్, గెలిచిన క్లబ్ అది. 2012లో కింది డివిజన్‌కు పడింది, 2017లో ఇంకో మెట్టు దిగింది. డివిజన్ దిగితే టీవీ డబ్బు పడిపోతుంది, ఆటగాళ్ల కాంట్రాక్టులు మాత్రం నడుస్తూనే ఉంటాయి. గుడ్డు రేటు పడిందని కోళ్లకు దాణా మానేస్తామా? ఇదీ అంతే. ఆ లోటుకు ఏళ్ల తరబడి యజమానులే డబ్బు పోస్తున్నారు.

"కెన్ బేట్స్ అనే వ్యాపారి లండన్ ఫుట్‌బాల్ క్లబ్ చెల్సీని ఒక్క పౌండుకే కొన్నాడట" అని వాట్సాప్ చూపిస్తారు. 1982లో కొన్నమాట నిజమే. పౌండుతోపాటు అప్పులూ వచ్చాయి, స్టేడియం స్థలం మాత్రం రాలేదు. ఆ స్థలం కోసం రియల్ ఎస్టేట్ వాళ్లతో ఏళ్లకేళ్లు కొట్లాడాడు. ఈ సగం మెసేజ్‌లు పంపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: ప్రైవేట్ లిమిటెడ్ పెడితే ఇల్లు భద్రం.

వాస్తవం: బ్యాంకుకు వ్యక్తిగత గ్యారంటీ (కంపెనీ కట్టకపోతే నేనే కడతానన్న సంతకం) ఇవ్వనంత వరకే. షాద్‌నగర్ వైపు ఫారం ఉన్న మా క్లయింటు ఒకాయన, కొడుకు ఆట పిచ్చి చూసి ఓ జట్టులో వాటా తీసుకున్నారు. కంపెనీ లోనుకు గ్యారంటీ సంతకం పెట్టిన సంగతి నాకు చెప్పనేలేదు. రెండు సీజన్లకే జట్టు మూతపడింది. నోటీసు చేత్తో పట్టుకొని ఆయన భార్య "మా ఇల్లు పోతదా అన్నా?" అని అడిగితే నాకు గొంతు పెగల్లేదు. 2019 డిసెంబరు నుంచి ఇలాంటి గ్యారంటీదారుల మీద కూడా బ్యాంకులు దివాలా చట్టం కింద కేసుకు వెళ్లొచ్చు, 2021లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. చివరికి ఫారంలో సగం అమ్మి, బ్యాంకుతో వన్ టైమ్ సెటిల్‌మెంట్ (ఒకేసారి కట్టి బాకీ తేల్చుకోవడం) చేసుకున్నాం. ఇల్లు దక్కింది.

కప్పు గెలిస్తే కష్టాలు తీరతాయా? మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ క్లబ్ 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది, 2023లో జీతాల బకాయిలతో వార్తలకెక్కింది.

కొనాలనే ఉంటే కొనండి. కానీ ఆటగాళ్ల కాంట్రాక్టులు, మైదానం లీజు, లోను కాగితాలు అడ్వాన్సు ఇవ్వక ముందే నా టేబుల్ మీద పెట్టండి.