కాచినా పోనిది

ప్రియమైన పిల్లలకు,

చంటిబిడ్డ ఉన్న ఇంట్లో పెద్దవాళ్లు మొదట చెప్పే మాట "నీళ్లు కాచి పట్టండి" అని. క్రిములు చచ్చిపోవడానికి అది సరైన పనే. కానీ మన బోరు నీళ్లలో కాచినా పోనివి రెండున్నాయి. ఫ్లోరైడ్, నైట్రేట్. ఇవి క్రిములు కావు, ఉప్పులా నీళ్లలో కరిగి ఉండేవి.

లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు రెండు లీటర్లు పొయ్యి మీద పెట్టి, లీటరు మిగిలేదాకా మరిగించారనుకోండి. ఆవిరైపోయింది నీళ్లే, ఫ్లోరైడంతా గిన్నెలోనే ఉంది. ఇప్పుడది లీటరుకు 4 మిల్లీగ్రాములు! మన దేశంలో తాగునీటికి పెట్టిన హద్దు 1, వేరే దారి లేనప్పుడు 1.5. నల్గొండ, ప్రకాశం వైపు గ్రానైట్ రాళ్ల సందుల్లో నిలిచిన నీటిలోకి ఇది రాయి నుంచే దిగుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు వస్తుంది, దాన్నే ఫ్లోరోసిస్ అంటారు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించారు.

నైట్రేట్ మాత్రం మన చేతుల్లోంచి వచ్చేదే. ఎక్కువగా చల్లిన యూరియా, బావి పక్కనే పేడకుప్ప, దగ్గర్లో మరుగుదొడ్డి గుంత. దీని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు అంతగా చెయ్యని హాని ఆరు నెలల లోపు బిడ్డకు ఎందుకు చేస్తుందంటే, ఆ చిన్న పొట్టలో పులుపు, అంటే ఆమ్లం, తక్కువ. అక్కడి సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి. అది రక్తంలో చేరితే రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. పెదాలు, గోళ్లు నీలంగా మారితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అందుకే ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప చెంచాడు నీళ్లు కూడా వద్దంటారు, నడివేసవిలో కూడా. ఆ పాలలో దాదాపు 88 శాతం నీరే. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నా పాలలోకి వచ్చేది చాలా కొద్ది. కడుపులో ఉన్నప్పుడు మాత్రం మాయ దాటి బిడ్డకు చేరుతుంది. కాబట్టి మీ అక్కకో పిన్నికో నెలలు నిండేదాకా ఆగకండి, ముందే మంచినీళ్ల సంగతి చూడండి. డాక్టరు పొడిపాలు రాసినప్పుడు వాటిని బోరు నీళ్లతో కలపకండి. మామూలు క్యాండిల్ ఫిల్టరు ఈ రెంటినీ ఆపదు, ఆర్వో చాలావరకు తగ్గిస్తుంది.

పరీక్షకు నీళ్లు మీరే పట్టవచ్చు. బోరు నీళ్లను అయిదు నిమిషాలు పారనివ్వండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి నింపండి. ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది కాబట్టి గాజు సీసా వద్దు. తేదీ, బోరు ఎక్కడిదో రాసి అంటించి అదే రోజు నీటి పరీక్ష చేసే ల్యాబులో ఇవ్వండి. ఫ్లోరైడ్, నైట్రేట్ రెండూ చూడమని పేరుపెట్టి అడగండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య