ఆల్చిప్పకు కన్నం వేసే నత్త

బీచ్‌లో ఆల్చిప్పలు ఏరేటప్పుడు కొన్నిటికి గుండ్రటి చిన్న కన్నం ఉండటం మీరు చూసే ఉంటారు. డ్రిల్లింగ్ మిషన్ పెట్టి తొలిచినంత నీట్‌గా ఉంటుంది. చాలాసార్లు ఆ పని మూన్ స్నెయిల్ అనే సముద్రపు నత్తదే. ఇలాంటి నత్తలు మన తూర్పు తీరంలోనూ ఉన్నాయి.

దీని గుల్ల నున్నగా, బొద్దుగా, మెలి తిరిగి ఉంటుంది. ఆ గుల్లను నత్తే కట్టుకుంటుంది. దాని ఒంటిమీద మాంటిల్ అనే మెత్తటి పొర ఉంటుంది. సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేట్‌నే ఆ పొర గుల్ల అంచుకు కొంచెం కొంచెంగా చేరుస్తూ పోతుంది. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ చేరడంతో గుల్ల మెలి తిరుగుతుంది. కొసన కనిపించే బుల్లి చుట్టు, నత్త పసిగా ఉన్నప్పుడు కట్టుకున్నది. భయమేస్తే లోపలికి ముడుచుకుని మూత బిగించుకుంటుంది. మీకు దొరికిన గుల్లకు అలా మూత బిగిసి ఉంటే, దయచేసి దాన్ని తిరిగి నీళ్ళలో వదిలేయండి. లోపల ప్రాణం ఉండి ఉండవచ్చు.

ఇక వేట సంగతి. ఇసుకలో దాగిన ఆల్చిప్పను ఈ నత్త పసిగట్టి, తన పెద్ద పాదంతో చుట్టేస్తుంది. ఆల్చిప్ప రెండు చిప్పలూ గట్టిగా మూసుకుంటుంది. అయినా నత్త వదలదు. దాని తొండం కొసన ఒక మెత్తటి అవయవం ఉంది. అందులోంచి వచ్చే యాసిడ్ చిప్పను మెత్తబరుస్తుంది. అప్పుడు ర్యాడ్యులా అనే సన్నటి పళ్ళ పట్టీతో ఆ చోటును గీకుతుంది. మళ్ళీ యాసిడ్, మళ్ళీ గీకుడు. రోజంతా కష్టపడితే తెగేది సుమారు అర మిల్లీమీటరు! చిప్ప మందంగా ఉంటే రోజులు పడుతుంది. కన్నం పడగానే తొండం లోపలికి దూర్చి మాంసం తినేస్తుంది.

ఆ కన్నాన్ని దగ్గరగా చూడండి. పైన వెడల్పుగా, లోపలికి పోనుపోను సన్నగా, అంచులు వాలుగా ఉంటే మూన్ స్నెయిల్ పనే కావచ్చు. మ్యూరెక్స్ అనే మరో నత్త కూడా ఇలాగే తొలుస్తుంది గానీ, దాని కన్నం గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి. కొన్ని చిప్పల మీద సగంలో ఆగిన గుంట మాత్రమే ఉంటుంది. తొలవడం మొదలైనా పూర్తి కాలేదన్నమాట.

ఎప్పుడైనా మూన్ స్నెయిల్ గుల్లకే ఇలాంటి కన్నం కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అది ఇంకో మూన్ స్నెయిల్ తొలిచింది కావచ్చు.